బ్యాంకాక్ ఫ్లాటుకు 7,200 బాత్‌ల పన్ను: కట్టాలా, కాదనాలా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది కాకినాడ దగ్గర పల్లె. తొమ్మిదేళ్లుగా థాయ్‌లాండ్‌లో ఉద్యోగం. 2021లో బ్యాంకాక్ హుయ్ ఖ్వాంగ్‌లో 38 లక్షల బాత్‌లు పెట్టి నా పేరనే ఒక కాండో ఫ్లాటు కొన్నాను. రెండేళ్ల క్రితం కంపెనీ నన్ను సీ రాచాకు మార్చింది. అప్పటి నుంచి ఫ్లాటును ఒక స్కూలు టీచరుగారికి నెల అద్దెకు ఇచ్చాను. పోయిన ఏడాది పన్ను 480 బాత్‌లు, ఈ ఏడాది నోటీసులో 7,200! మార్చి మొదటి వారంలో వచ్చిన ఆ కవరును టీచరుగారు సంతకం చేసి తీసుకుని కరెంటు బిల్లులతో పాటు సొరుగులో పెట్టేశారు. నేను నెలాఖరున చూశాను. విదేశీయులకు పన్ను పెంచారని ఆఫీసులో ఒకరంటారు, కట్టకపోతే వీసా ఆగుతుందని ఇంకొకరు. 8,000 ఇస్తే తగ్గిస్తానని ఒక ఏజెంటు. పసుపు పుస్తకం (ఇంట్లో ఎవరుంటున్నారో నమోదు చేసే ఇంటి పుస్తకం) తీసుకుంటే మొత్తం మాఫీ అని కూడా విన్నాను. ఇంకో మాట: చియాంగ్ మైలో స్థలం లీజుకు తీసుకుని ఇల్లు కట్టుకోవాలని ఉంది. దాని పన్ను ఎవరి నెత్తిన పడుతుంది?

సమాధానం: ముందు ఆ ఏజెంటుకు వద్దని చెప్పండి. 7,200 తగ్గించడానికి 8,000 అడిగేవాడిని చూస్తే పావలా కోడికి ముప్పావలా మసాలా గుర్తొస్తోంది. ఆ తర్వాత 7,200ను 480తో భాగించండి. సరిగ్గా పదిహేను వస్తుంది, మిగులు లేదు. మీ సమస్య మొత్తం ఈ పదిహేనులోనే ఉంది.

ఎలాగో చెబుతాను. థాయ్‌లాండ్‌లో ఇప్పుడున్న భూమి, భవనాల పన్ను చట్టం 2019లో వచ్చింది, వసూలు 2020 నుంచి మొదలైంది. అంతకుముందు 1932 నాటి చట్టం ఉండేది. దాని కింద అద్దెకిచ్చిన ఇంటికి ఏడాది అద్దె విలువలో 12.5 శాతం కట్టాల్సి వచ్చేది. కొత్త చట్టం అద్దెను చూడదు. ప్రభుత్వం ఆస్తికి కట్టిన విలువనూ, ఆ ఆస్తిని దేనికి వాడుతున్నారన్నదాన్నీ చూస్తుంది. వాడకాన్ని బట్టి నాలుగు తరగతులు: సాగు, నివాసం, ఇతరం, ఖాళీ. దుకాణం, ఆఫీసు, హోటలు వంటివన్నీ ‘ఇతరం’ కిందికి వస్తాయి. సొంత ఇంటి మినహాయింపు వర్తించని నివాసమైతే 5 కోట్ల బాత్‌ల విలువ దాకా 0.02 శాతం. ‘ఇతరం’ అయితే అదే 5 కోట్ల దాకా 0.3 శాతం. 0.3ను 0.02తో భాగించినా పదిహేనే.

అంటే మీ ఫ్లాటు విలువ పోయిన ఏడాదీ 24 లక్షలే, ఈ ఏడాదీ 24 లక్షలే. అందులో 0.02 శాతం 480, 0.3 శాతం 7,200. పెరిగింది విలువా కాదు, విదేశీయుడికి వేరే రేటూ కాదు. ఈ చట్టంలో యజమాని ఏ దేశస్థుడన్నదాన్ని బట్టి రేటు మారదు. ఎవరో మీ ఫ్లాటును నివాసం గడిలోంచి తీసి ఇతరం గడిలో వేశారు, అంతే. (38 లక్షలకు కొంటే 24 లక్షలేమిటని సందేహం రావచ్చు. ఈ పన్నుకు మీరు కొన్న ధరతో పని లేదు. ధనారక్షా శాఖ (ట్రెజరీ) నాలుగేళ్లకోసారి కట్టే విలువే లెక్క, అది సాధారణంగా బజారు ధర కంటే తక్కువే ఉంటుంది. దాన్ని పెంచమని మాత్రం అడగకండి.)

ఇప్పుడు నోటీసును బల్ల మీద పరిచి ఫోను కెమెరాతో అనువాదం పెట్టి చూడండి. సంవత్సరం 2569 అని ఉంటే బెదరవద్దు, అది బౌద్ధ శకం. 543 తీసేస్తే 2026. మొదటి కాగితం ఉత్తరం, ఎంత కట్టాలో, ఎప్పటిలోగా కట్టాలో అందులో ఉంటుంది. అందరూ దాన్ని చూసి ఆగిపోతారు. దాని వెనక జత చేసిన పట్టిక ఉంటుంది, ఫ్లాటు నంబరు, చదరపు మీటర్లు, విలువ, వాడకం వరసగా. వాడకం గడిలో ‘యూ ఆసై’ అని ఉంటే నివాసం. మీ కాగితంలో ఆ మాట ఉండదు. నా పందెం అది.

ఎందుకు మారిందన్నది మీరే బాగా చెప్పగలరు. సర్వేకు వచ్చిన మనిషి యజమాని అక్కడ ఉండడం లేదని తెలుసుకుని అద్దె అనగానే వ్యాపారం అని రాసుకుని ఉండవచ్చు. మీ అంతస్తులో పర్యాటకులకు రోజుకింతని ఇచ్చే ఫ్లాట్లు ఉంటే వాటితో కలిపి రాసేసి ఉండవచ్చు. ఇక్కడ నేనొక మాట అడగాలి, నొచ్చుకోకండి. టీచరుగారికి ఇవ్వకముందు ఎప్పుడైనా, ఖాళీగా ఉంది కదా అని రోజుల లెక్కన ఇచ్చారా? ఆ ప్రకటన ఇంకా ఎక్కడైనా ఇంటర్నెట్‌లో వేలాడుతోందా? నెలవారీ అద్దెకు మనుషులు కాపురముంటే అది నివాసమే, 0.02 శాతమే. రోజువారీ అద్దె అయితే అది హోటలు వ్యాపారం, 0.3 శాతం న్యాయమే. పైగా అనుమతి లేకుండా అలా ఇవ్వడం 2004 నాటి హోటళ్ల చట్టం ప్రకారం నేరం. అలాంటప్పుడు ఈ నోటీసు మీద పోట్లాట పెట్టుకోవడం తేనెతుట్టెను కదిపినట్టే. అలాంటిదేమీ లేదనుకుని మిగతాది రాస్తున్నాను.

నోటీసు అందిన రోజు నుంచి 30 రోజుల్లోగా అభ్యంతరం పెట్టాలి. సంతకం చేసింది మీరు కాదు, టీచరుగారు. అయినా లెక్క ఆవిడ సంతకం చేసిన తేదీ నుంచే వేసుకోవడం క్షేమం. మార్చి మొదటి వారమంటే మీ చేతిలో ఉన్నది ఇంకొద్ది రోజులే. కాబట్టి ఈ వారంలోనే ఒక రోజు సెలవు పెట్టి హుయ్ ఖ్వాంగ్ ఖేత్ (బ్యాంకాక్ నగరంలోని పరిపాలనా విభాగం) ఆఫీసుకు వెళ్లండి. బ్యాంకాక్‌లో 50 ఖేత్‌లున్నాయి, ఫ్లాటు ఏ ఖేత్‌లో ఉంటే పన్ను అక్కడే తేలాలి. మీరు సీ రాచాలో ఉన్నారని సీ రాచా మునిసిపాలిటీకి వెళితే చిరునవ్వుతో వెనక్కి పంపుతారు.

వెంట తీసుకువెళ్లవలసినవి: పాస్‌పోర్టు, కాండో హక్కు పత్రం, నోటీసు కవరుతో సహా, పోయిన ఏడాది 480 కట్టిన రసీదు, టీచరుగారితో రాసుకున్న అద్దె ఒప్పందం. ఒప్పందం ఇంగ్లీషులో మాత్రమే ఉంటే అద్దె కాలం ఉన్న పేజీని థాయ్‌లో రాయించుకోండి. ‘ఏడాది, నెలవారీ అద్దె, నివాసం కోసం’ అన్న మూడు ముక్కలు ఆ అధికారి కంట్లో పడాలి. మీరు వెళ్లలేకపోతే టీచరుగారినో నమ్మకమైన స్నేహితుడినో పంపవచ్చు, అధికార పత్రం రాసిచ్చి. ఒక్క పనికి ఒక్క మనిషికి ఇచ్చే అధికార పత్రానికి 10 బాత్‌ల స్టాంపు చాలు. ఏజెంటు చేసేదీ ఇదే, 7,990 ఎక్కువ తీసుకుని.

నా సొంత గొడవ ఒకటి చెబుతాను. మా ఫ్లాటు 34 చదరపు మీటర్లు. ఒక ఏడాది నోటీసులో 43 అని పడింది. మా దగ్గర చదరపు మీటరు విలువ 60,000 కాబట్టి 408 కట్టవలసింది 516 అయింది. నూట ఎనిమిది బాత్‌ల కోసం టాక్సీకి నూట అరవై పెట్టి ఖేత్‌కు వెళ్లాను. ఏమిటీ పట్టుదల అని మా ఇంట్లో ఇప్పటికీ దెప్పుతారు. కౌంటరులో కూర్చున్న అమ్మాయి నా హక్కు పత్రం చూసింది, తన కంప్యూటర్ తెర చూసింది, ఇంకోసారి హక్కు పత్రం చూసింది. ఏమీ అనలేదు. కాగితం మీద 43ను కొట్టేసి పక్కన 34 రాసి, నాకు అభ్యంతర పత్రం ఒకటి ఇచ్చి ఎక్కడ సంతకం చేయాలో పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టింది. లోపలికి వెళ్లి వచ్చి, నా చేత ఇంకో సంతకం చేయించుకుని, రెండు చేతులూ జోడించింది. మొత్తం నలభై నిమిషాలు, అందులో ముప్పై నిమిషాలు టోకెను పట్టుకుని కూర్చున్నవే. గొంతు పెంచి ఉంటే నాలుగు గంటలు పట్టేదని నా నమ్మకం. మన ఊరి ఆఫీసుల్లో గట్టిగా అడిగితే తప్ప ఫైలు కదలదని అలవాటు పడిన ప్రాణాలకు ఇది కొంచెం కష్టమే. ఖేత్‌లో గట్టిగా అడిగితే ఫైలు ఆగుతుంది.

అక్కడ మాటల్లో పడి అంకెల దగ్గర తికమక పడకండి. థాయ్ వాళ్లు ‘సేన్’ అంటే మన లక్షే. ‘లాన్’ అంటే పది లక్షలు. ఇంగ్లీషు వాళ్లకంటే మనకే ఈ లెక్క తేలిక.

అభ్యంతరం పెట్టినంత మాత్రాన డబ్బు కట్టడం ఆగదు. నిలుపుదల కావాలంటే దానికి వేరే అర్జీ పెట్టుకోవాలి. ఇంత చిన్న మొత్తానికి ఆ తంటా వద్దు. గడువు నోటీసులో ఉంటుంది, మామూలుగా ఏప్రిల్ ఆఖరు. కొన్నేళ్లు దాన్ని రెండు నెలలు పొడిగించిన మాట నిజమే కానీ పొడిగిస్తారని కూర్చోకండి. పన్ను 3,000 గానీ అంతకు మించి గానీ ఉంటే మూడు వాయిదాల్లో, ఏప్రిల్, మే, జూన్ నెలల్లో కట్టే వెసులుబాటు ఉంది. అంటే మీరు ఏప్రిల్‌లో 2,400 కట్టి, అభ్యంతరం సంగతి తేలేదాకా చూడవచ్చు. స్థానిక సంస్థ దాన్ని 60 రోజుల్లో తేల్చాలి. మీకు అనుకూలంగా తేలితే ఎక్కువ కట్టింది తిరిగి వస్తుంది. కాదంటే 30 రోజుల్లో అప్పీలు కమిటీకి, అక్కడా కాదంటే కోర్టుకు. ఆరువేల చిల్లర కోసం కోర్టుకు వెళ్లమని నేను చెప్పను.

ఒకవేళ 30 రోజులూ దాటిపోయిన తర్వాత ఈ జవాబు చదువుతున్నారనుకోండి, అప్పుడు కూడా చేతులెత్తేయనక్కరలేదు. ముందు 7,200 కట్టేయండి. కట్టాల్సిన దానికంటే ఎక్కువ కట్టినవారు కట్టిన రోజు నుంచి మూడేళ్లలోపు వాపసు కోరవచ్చు. కట్టకుండా అలగడమే అన్నిటికంటే ఖరీదైన పని. గడువు దాటాక వాళ్లు హెచ్చరిక నోటీసు పంపకముందే వెళ్లి కడితే పన్ను మీద 10 శాతం జరిమానా. హెచ్చరిక వచ్చాక అందులో ఇచ్చిన గడువులో కడితే 20 శాతం. అదీ దాటితే 40 శాతం, అంటే మీకు 2,880. ఇది కాక నెలకు ఒక శాతం చొప్పున అదనం. ఆ తర్వాత ఆస్తి జప్తు చేసే అధికారం కూడా వాళ్లకుంది. ఈ మొత్తాలకు అంత దూరం వెళ్లకపోయినా, బకాయి ఉన్న ఫ్లాటును ల్యాండ్ ఆఫీసు ఇంకొకరి పేరుకు మార్చదు. అయిదేళ్ల తర్వాత అమ్మబోతే, కొనేవాడు ఎదురుగా కూర్చుని ఉండగా ఈ పాత బకాయి బయటపడుతుంది. వీసాకూ దీనికీ ముడి లేదు. ఇమ్మిగ్రేషన్ వాళ్లు అడిగే కాగితాల్లో ఈ రసీదు ఎక్కడా కనిపించదు. ఆ మాట చెప్పిన స్నేహితుడు బహుశా విదేశీయులు 90 రోజులకోసారి చిరునామా తెలుపుతూ ఇచ్చే నివేదికతో కలిపేసుకుని ఉంటాడు.

పసుపు పుస్తకం సంగతి. థాయ్‌లకు నీలం ఇంటి పుస్తకం, మనలాంటి విదేశీయులకు పసుపుది. జనవరి 1 నాటికి యజమాని పేరు ఆ ఇంటి పుస్తకంలో ఉండి అది అతని నివాసమైతే 5 కోట్ల బాత్‌ల విలువ దాకా పన్ను మినహాయింపు ఉన్న మాట నిజం. కానీ మీరు ఉంటున్నది సీ రాచాలో. ఆ ఫ్లాటులో ఉంటున్నది టీచరుగారు. మీరు లేని ఇంట్లో మీ పేరు ఎక్కించుకుని మిగిల్చుకునేది ఏడాదికి 480 బాత్‌లు, హుయ్ ఖ్వాంగ్‌లో ఇద్దరు మంచి సీఫుడ్ తింటే అయిపోయే డబ్బు. పసుపు పుస్తకం డ్రైవింగ్ లైసెన్సుకు, గులాబీ రంగు గుర్తింపు కార్డుకు పనికొస్తుంది, కావాలంటే ఉంటున్న చోట తీసుకోండి. పన్ను కోసం వద్దు.

అసలు ఈ పన్నును మీ భవనం నిర్వహణ రుసుముతో పక్కపక్కన పెట్టి చూసుకున్నారా? చదరపు మీటరుకు నెలకు 50 బాత్‌లు అనుకుంటే 35 మీటర్ల ఫ్లాటుకు ఏడాదికి 21,000. లిఫ్టుకూ ఈతకొలనుకూ అంత ఇస్తూ, రోడ్డుకూ చెత్తబండికీ 480 ఇవ్వడానికి మనం ఎంత గింజుకుంటామో. కాకినాడలో ఎవరి ఇంటి పన్ను కాగితమైనా తీసి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ నుంచి పట్టణాల్లో ఇంటి పన్నును అద్దె విలువ మీద కాక ఆస్తి విలువ మీదే వేస్తున్నారు, అక్కడా శాతమే లెక్క. ఆ శాతం ఇక్కడి 0.02 కంటే ఎన్నో రెట్లు.

మీరు అడగని విషయం ఒకటి ఉంది, అది ఈ 7,200 కంటే పెద్దది. ఖేత్‌లో అద్దె ఒప్పందం చూపిస్తారు కదా, ఆ అద్దె డబ్బును మీ ఆదాయపు పన్ను లెక్కలో చూపించారా? అది ఖేత్‌తో సంబంధం లేని పన్ను, రెవెన్యూ శాఖది. జీతం మాత్రమే ఉన్నవారు ‘ఫో ఙో దో 91’ ఫారం వేస్తారు. అద్దె కూడా ఉంటే 90 వేయాలి. సెప్టెంబరు ఆఖరుకు మొదటి ఆరు నెలల అద్దెకు 94 అనే ఇంకో ఫారం ఉంది, దీన్ని చాలామంది మరిచిపోతారు. అద్దెలో 30 శాతం ఖర్చుల కింద తీసేసుకోనిస్తారు, రసీదులు అక్కరలేదు. రెండేళ్లుగా చూపించకపోతే, ఒక అకౌంటెంటును పట్టుకుని వాళ్లు అడగకముందే సరిచేసుకోండి. ఏజెంటుకు ఇవ్వాలనుకున్న 8,000 ఇక్కడ ఖర్చు పెడితే దండగ కాదు.

చియాంగ్ మై ఇల్లు. విదేశీయుడు థాయ్‌లాండ్‌లో భూమి కొనలేడు, లీజు గరిష్ఠంగా 30 ఏళ్లు, దాని మీద కట్టిన ఇల్లు మాత్రం మీ పేరున ఉండవచ్చు. చట్టం కూడా పన్నును అలాగే విడదీస్తుంది: భూమికి భూమి యజమాని, ఇంటికి ఇంటి యజమాని. మీరు నిజంగా అందులో ఉంటూ, మీ పేరు ఇంటి పుస్తకంలో ఉంటే, భూమి వేరొకరిదైన ఇంటికి కోటి బాత్‌ల విలువ దాకా మినహాయింపు ఉంది. కాబట్టి మీ వాటా సున్నా కావచ్చు. కానీ లీజు రాసేటప్పుడు ‘అన్ని పన్నులూ అద్దెదారే భరించాలి’ అని ఒక వాక్యం దూరుస్తారు. చూసి దాటేయకండి, అందులో ఒక మెలిక ఉంది. లీజు రాసుకుని ఇల్లు కట్టడం మొదలు పెట్టకుండా ఏళ్ల తరబడి వదిలేస్తే అది ఖాళీ స్థలం. ఖాళీకి 0.3 శాతంతో మొదలై మూడేళ్లకోసారి ఇంకో 0.3 కలుస్తూ 3 శాతం దాకా పోగలదు. ఈ భయంతోనే బ్యాంకాక్‌లో కోట్ల విలువ చేసే జాగాల్లో కోటీశ్వరులు అరటి తోటలు వేశారు. మీ రాచ్చదా రోడ్డు మీదే మేడల మధ్య నిమ్మతోట వెలిసింది. సాగు కింద లెక్కకు రావాలంటే రాయ్‌కి, అంటే మన 40 సెంట్లకు, 200 అరటి మొక్కలుండాలని కొలత కూడా పెట్టారు. చియాంగ్ మైలో మీరు అరటి నాటనక్కరలేదు. ‘ఇంటి పన్ను అద్దెదారుది, భూమి పన్ను యజమానిది’ అని రెండు ముక్కలుగా రాయించుకోండి.

ఖేత్‌కు వెళ్లిన రోజే ఉత్తరాలు రావలసిన చిరునామాను సీ రాచాకు మార్పించుకోండి. అప్పటిదాకా టీచరుగారికి ఒక మాట చెప్పి ఉంచండి, ప్రభుత్వ గరుడ ముద్ర ఉన్న కవరు ఏది వచ్చినా సొరుగులో పెట్టేముందు ఫొటో తీసి పంపమని.